ఒకే రేవుకి, ఒక్కో వేగంతో

నీటి దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఫ్రాన్స్ ఉత్తర తీరం చుట్టూనే తిరిగాయి. నాలుగైదు మోటారు బోట్లు జట్టు కట్టి ల హావ్ర్ నుంచి షెర్‌బూర్ దాకా రేవు రేవునా ఆగుతూ వెళ్లడం గురించే అందరూ అడిగారు. కింద మైలు అన్నచోటల్లా నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక మైలు పోతే ఒక నాటు.

ప్ర: మా జట్టులో అయిదు బోట్లు. రెండు 8 నాట్లు దాటవు, మూడు 18 నాట్లలో హాయిగా పోతాయి. ల హావ్ర్ నుంచి సెన్-వా-లా-ఊగ్‌కి ఒకే రోజులో చేరాలి. అందరం కలిసి బయలుదేరి 11 నాట్ల దగ్గర రాజీపడదామని ఒకరి సలహా. మంచిదేనా?

జ: కాదు. ఆ 11 ఎవరికీ పనికిరాని అంకె. మీ 8 నాట్ల బోట్లు నీటిని తోసుకుంటూ పోయే రకం. త్రాటిల్ ఎంత నొక్కినా 11 రావు, పొగ, వెనకాల లేచే అల మాత్రం పెరుగుతాయి. 18 నాట్లవి నీటి మీదికి లేచి జారే రకం. 10 నుంచి 13 నాట్ల మధ్య అవి లేవలేవు, కూర్చోలేవు. బోటు ముందుకొసని, అంటే అణియాన్ని, పైకెత్తుకుని, తాము లేపిన అలనే ఎక్కడానికి పెనుగులాడుతుంటాయి. మైలుకి కాలే డీజిల్ అక్కడే ఎక్కువ, పైగా అణియం అడ్డొచ్చి బోటు నడిపే సరంగుకి ముందున్నది కనబడదు. వేగం బోటు తప్పనిసరిగా నెమ్మదించాల్సి వస్తే నేరుగా 7, 8 నాట్లకి దిగండి. మధ్యలో ఆగొద్దు.

కలిసి బయలుదేరడం మానుకుని, కలిసి చేరడం నేర్చుకోండి. సెన్-వా లోపలి రేవుకి, ఆటు వేళ నీరు బయటికి పోకుండా నిలిపే తలుపు ఉంది. నిండు పోటుకి సుమారు రెండుంపావు గంటల ముందు తెరుచుకుని, పోటు దాటాక మూడు గంటల వరకు తెరిచి ఉంటుంది. ఆ రోజు కచ్చితమైన వేళలు రేవు కార్యాలయం ఇస్తుంది. లెక్క ఆ తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. నిండు పోటు మధ్యాహ్నం 3 గంటలకి అనుకుందాం. తలుపు 12:45 నుంచి 6 దాకా తెరిచి ఉంటుంది. అందరూ 1:30కి తలుపు ముందు ఉండాలని పెట్టుకోండి. తీరం వెంబడి దూరం దాదాపు 60 మైళ్లు. 8 నాట్ల బోటుకి ఏడున్నర గంటలు, కాబట్టి అది ఉదయం 6కి కదలాలి. 18 నాట్ల బోటుకి 3 గంటల 20 నిమిషాలు, అది 10 గంటలకి కదిలితే చాలు. ల హావ్ర్ మెరీనాకి ఏ వేళనైనా రాకపోకలు సాగుతాయి కాబట్టి ఇలా విడివిడిగా కదలడం అక్కడ సులువు.

1:30 అని ఊరికే అనలేదు. ముందొచ్చినవాళ్లు బయట అరగంట మించి కాచుకోనక్కర్లేదు, నెమ్మది బోటుకి ఏదైనా అడ్డంకి వచ్చినా ఇంకా నాలుగున్నర గంటల వెసులుబాటు ఉంటుంది. జట్టులో కొత్తవాళ్లు సరిగ్గా తలుపు తెరిచే వేళకే చేరాలని పెట్టుకుంటారు. ఆ వేళకి అక్కడ చేపల బోట్లూ మిగతా యాత్రికులూ గుంపుగా ఉంటారు, పక్కగాలిలో నిలబడడమే కష్టం.

దారిలో వెనకవాళ్లు ముందువాళ్లని దాటే తీరు కూడా ముందే చెప్పుకోండి. దాటించుకునే బోటు తన వేగం 5 నాట్లకి తగ్గించాలి. అది 8లోనే పోతుంటే దాటే బోటు 12లో దాటాల్సి వస్తుంది, అంటే దాని అత్యంత పెద్ద అలతో. అవతలి బోటు వంటగదిలో గిన్నెలు కింద పడేది అప్పుడే. వేగం బోట్లు ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కకి తప్పుకుని, 300 మీటర్ల ఎడంతో పోవాలి. 20 నాట్లంటే సెకనుకి 10 మీటర్లకి కాస్త ఎక్కువ. ముందు బోటు ఠక్కున ఆగితే మీకు మిగిలేది అర నిమిషం లోపే.

ప్ర: పటంలో ల హావ్ర్ నుంచి సెన్-వాకి గీత గీస్తే 53 మైళ్లే వస్తోంది. మీ లెక్కలో 60 ఎందుకు?

జ: ఆ గీత మధ్యలో తీరానికి 12 మైళ్ల దూరంగా పోతుంది. ఫ్రెంచి తీర లైసెన్సు ఆశ్రయం నుంచి 6 మైళ్ల వరకే చెల్లుతుంది. అది దాటితే సరంగుకి దూర సముద్రపు అదనపు లైసెన్సు ఉండాలి. బోటు మీద సామాను కూడా మారుతుంది. 6 నుంచి 60 మైళ్ల మండలంలో డివిజన్ 240 అనే ఫ్రెంచి విహార బోట్ల భద్రతా నిబంధనలు ప్రాణరక్షక తెప్ప, బిగించిన వీహెచ్‌ఎఫ్ రేడియో, ప్రయాణ పుస్తకం, మందుల పెట్టె, వాతావరణ సమాచారం అందుకునే సాధనం అడుగుతాయి. ఒక బోటులో తెప్ప ఉంది కదా అంటే కుదరదు. నిబంధన బోటుకి, జట్టుకి కాదు.

2 నుంచి 6 మైళ్ల లోపు పోయేవాళ్లకి మనిషికొక 100 న్యూటన్ల తేలే బలమున్న లైఫ్‌జాకెట్, ఆపదలో చేతిలో పట్టుకుని వెలిగించే ఎర్ర మంటకడ్డీలు మూడు, దిక్సూచి, పటాలు, సముద్రంలో ఢీకొనకుండా పాటించే నియమాల ప్రతి, బోయాల (నీటి మీద తేలుతూ దారి చూపే గుర్తుల) పట్టిక ఉండాలి. ఇవి తీరం దగ్గరి కనీస సామానుకి అదనం. 6 మైళ్లు దాటితే జాకెట్ 150 న్యూటన్లు. 30 కిలోల లోపు పిల్లలకి ఎంత దగ్గర పోయినా 100కి తగ్గకూడదు. మంటకడ్డీల మీద గడువు తేదీ చూసుకోండి. తనిఖీల్లో పట్టుబడేది లేని సామాను కంటే గడువు తీరిన సామానే.

ఆశ్రయం అన్న మాటకి నిబంధనల్లో అర్థం ఉంది: బోటూ మనుషులూ క్షేమంగా లంగరేసుకునో, ఒడ్డుకి చేరో, మళ్లీ ఎవరి సాయమూ లేకుండా బయటపడగల చోటు. ఆటు వేళ తలుపు మూసేసిన కూర్సెల్ రేవు ఆ గంటల్లో మీకు ఆశ్రయం కాదు. ఉత్తర గాలి గట్టిగా కొడుతుంటే ఆ వైపుకి తెరిచి ఉన్న ఇసుక తీరమూ కాదు. కాబట్టి 6 మైళ్ల వలయం వేళతోనూ గాలితోనూ మారిపోతుంటుంది. పటం మీద వృత్తాలు గీసి ఊరుకునేవాళ్లు ఇది మర్చిపోతారు.

ప్ర: పోయినసారి వేళాపట్టిక చూసే వెళ్లాం. అయినా రేవు తలుపు గంటసేపు మూసే ఉంది. పట్టికలో తప్పా?

జ: మీరు వెళ్లింది వేసవిలోనా? అయితే పట్టిక ఒప్పే. ఫ్రెంచి నౌకాదళ జలమాపన సంస్థ షోమ్ వార్షిక పట్టికలు ఏడాది పొడుగునా ప్రపంచ కాలానికి 1 గంట కలిపిన వేళలో ఉంటాయి. వేసవి గడియారం అమల్లో ఉన్నప్పుడు మీరు ఇంకో గంట కలపాలి. రేవుల్లో ఉచితంగా ఇచ్చే చిన్న పుస్తకాలు చాలావరకు ఆ గంట కలిపేసే ఉంటాయి. జట్టులో ఒకరు దీన్ని, మరొకరు దాన్ని చూస్తే సరిగ్గా గంట తేడా వస్తుంది. బయలుదేరే ముందు అందరూ ఒకే పట్టిక వాడండి, పైన పెన్నుతో ఏ కాలమో రాసి ఉంచండి.

వేళ సరిపోయినా నీటి మట్టం తక్కువగా ఉండొచ్చు. పట్టికలో అంకెలు సగటు గాలి పీడనానికి, అంటే 1013 హెక్టోపాస్కల్‌కి చెప్పినవి. పీడనం ఒక్కో హెక్టోపాస్కల్ పెరిగితే నీరు సుమారు ఒక్కో సెంటీమీటరు దిగుతుంది. 1033 చూపిస్తున్న చక్కని ఎండరోజున రేవు తలుపు కింది గడప మీద మీకు 20 సెంటీమీటర్ల నీరు తక్కువే. మంచి వాతావరణమే ఇక్కడ అడుగు తగిలిస్తుంది.

ప్ర: ఫ్రెంచి పట్టికల్లో ప్రతి పోటు పక్కనా 45, 95 లాంటి అంకె ఉంటుంది. అదేంటి? పన్నెండో వంతుల సూత్రం ఇక్కడ పని చేస్తుందా?

జ: అది పోటు బలం. 20 నుంచి 120 వరకు ఉంటుంది. 45 అంటే అష్టమి నాటి బలహీనమైన పోటు, 70 మధ్యస్థం, 95 అంటే పున్నమి, అమావాస్యల పోటు. ఈ తీరంలో అతి పెద్ద పోటు ఆ తిథి నాడు కాకుండా సుమారు ఒకటిన్నర రోజుల తర్వాత వస్తుంది. 95 నాడు ల హావ్ర్‌లో నీరు ఆరున్నర, ఏడు మీటర్ల మేర ఎక్కి దిగుతుంది. కోనసీమ రేవుల్లో మనిషెత్తు తేడాకి అలవాటైనవాళ్లు ఆటు వేళ ఇక్కడి గోడ కింద నిలబడి పైకి చూస్తే నమ్మలేరు. జట్టుకి మొదటిసారైతే 70 లోపు రోజులు ఎంచుకోండి. పెద్ద పోటు నాటికంటే ప్రవాహాలు బాగా తగ్గుతాయి.

నీరు ఎక్కే మొత్తం ఎత్తులో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు అనే సూత్రం ల హావ్ర్ చుట్టుపక్కల నమ్మొద్దు. అక్కడ నీరు త్వరగా ఎక్కి, నిండు పోటు దగ్గర రెండు మూడు గంటలు దాదాపు కదలకుండా నిలబడుతుంది. ఓన్‌ఫ్లర్, దోవిల్ లాంటి రేవులకి ఆ నిలకడ వరం. కానీ ఆ తర్వాత ఆటు దిగడం వేగంగా ఉంటుంది. 'ఇంకా నిండుగానే ఉంది' అని కూర్చున్నవాళ్లని అదే మోసం చేస్తుంది. ఇక్కడ షోమ్ ఇచ్చే గంట గంటా ఎత్తుల వక్రరేఖే వాడాలి.

ప్ర: రేడియోలో అందరం ఏ ఛానెల్‌లో మాట్లాడుకోవాలి?

జ: బోటుకీ బోటుకీ మధ్య 72 లేదా 77. 6, 8 కూడా అందుకే ఉన్నాయి. మెరీనా కార్యాలయాలు 9లో పలుకుతాయి. 16 పిలుపులకి, ఆపదకి మాత్రమే. 'కాఫీ తాగుదామా' అని 16లో అడిగితే రక్షణ కేంద్రం మందలిస్తుంది, మందలించాలి కూడా. ల హావ్ర్ నుంచి మోఁ సెన్-మిషెల్ దాకా ఆ కేంద్రం క్రోస్ జోబూర్. ఫోన్‌లో అయితే 196. వాతావరణ ప్రకటనలు వస్తున్నాయని 16లో చెప్పి, 79 లేదా 80లో చదువుతారు.

ఫ్రెంచి జలాల్లో మోటారు బోటు లైసెన్సు ఉన్నవారికి రేడియోకి వేరే పరీక్ష అక్కర్లేదు. దగ్గర్లోని బ్రిటిష్ దీవులు జెర్సీ, గెర్నసీ వైపు పోతే కావాలి.

మర్చిపోయే సంగతి రేడియో చూపుమేర. యాంటెనాలు రెండూ నీటికి 4 మీటర్ల ఎత్తులో ఉంటే మాట సుమారు 9 మైళ్లు పోతుంది. చేతి రేడియో నుంచి చేతి రేడియోకి 5 మైళ్లే. ఉదయం 6కి కదిలిన నెమ్మది బోట్లు 10 గంటలకి 30 మైళ్ల ముందుంటాయి. అప్పుడు వాటితో ఫోన్ తప్ప వేరే దారి లేదు. తీరం దగ్గరగా పోతున్నప్పుడు ఫోన్ అందుతుంది, దాని మీదే పూర్తిగా ఆనుకోవద్దు. ప్రతి గంటకీ చివరి బోటు నుంచి మొదలుపెట్టి హాజరు పలకండి: పేరు, ఎక్కడున్నారు, ఇంజిను సరేనా. అంతకుమించి వద్దు. ఎవరైనా రెండు హాజర్లు వరుసగా తప్పితే ఫోన్ చేయండి. అదీ ఎత్తకపోతే దగ్గరి బోటు వెనక్కి తిరగాలి, క్రోస్‌కి చెప్పాలి.

పిలిచేటప్పుడు ఊరి పేరు సరిగా పలకండి. రాతలో 'వాస్ట్' అని కనబడుతుంది, రేవులో మాత్రం అందరూ 'సెన్-వా' అంటారు.

ప్ర: ఎంత డీజిల్ వేసుకోవాలి?

జ: మీ బోటుకి 200 గుర్రాల ఇంజిన్లు రెండు, 18 నాట్ల దగ్గర రెండూ కలిపి గంటకి 55 లీటర్లు తాగుతాయనుకుంటే, సెన్-వాకి 60 మైళ్లకి సుమారు 185 లీటర్లు, అక్కడి నుంచి షెర్‌బూర్‌కి 27 మైళ్లకి ఇంకో 80. మొత్తం 265. ఇది కాగితం మీది లెక్క. ఎదురుగాలిలో త్రాటిల్ పెంచుతారు, అలల్లో ప్రొపెల్లర్ గాల్లో తిరుగుతుంది. ట్యాంకులో మూడో వంతు ఎప్పటికీ ముట్టుకోనిదిగా ఉంచాలి, అంటే 400 లీటర్లతో కదలండి. 8 నాట్ల బోటుకి గంటకి 12 లీటర్లయితే అదే దూరానికి 130 చాలు.

మీ బోటు అసలు తాగేదెంతో కంపెనీ కాగితం చెప్పదు. ట్యాంకు నిండా పోసి, సామానూ మనుషులూ ఎక్కాక రెండు గంటలు అదే వేగంలో నడిపి, మళ్లీ నిండా పోయండి. పంపు చూపిన లీటర్లని రెండుతో భాగిస్తే అదే మీ అంకె. అడుగు పాచి పట్టి ఉంటే ఆ అంకె నెలలోనే మారుతుంది.

రేవులో రెండు పంపులుంటే చేపల వాళ్ల పన్ను లేని, రంగు కలిపిన డీజిల్ మీది కాదు. విహార బోట్లు పన్ను కట్టిన డీజిలే వాడాలి, కస్టమ్స్ వాళ్లు ట్యాంకు నుంచి తీసి రంగు చూస్తారు. రసీదు దాచుకోండి.

వేగం బోటు పొద్దంతా నెమ్మది బోటు పక్కన 7 నాట్లలో నడిస్తే టర్బో ఇంజినుకి మసి పడుతుంది. రెండు గంటలకోసారి పది, పదిహేను నిమిషాలు లేపి ముందుకెళ్లి వెనక్కి రండి.

ప్ర: బార్‌ఫ్లర్ కొస దగ్గర నీరు మరుగుతుందంటారు. ఎప్పుడు దాటాలి?

జ: ఆ కొస మీది గాత్‌విల్ దీపస్తంభం 75 మీటర్ల ఎత్తు, ఎంతో దూరం నుంచే కనబడుతుంది. దాని ముందే అసలు గొడవ. పెద్ద పోటు నాడు అక్కడ ప్రవాహం 4, 5 నాట్లు పోతుంది, అడుగున రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. గాలి ప్రవాహానికి ఎదురైతే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. సెన్-వా నుంచి షెర్‌బూర్‌కి పడమరగా పోతున్నారు, ఈ తీరంలో ఎక్కువగా వీచేదీ పడమటి గాలే. కాబట్టి మీకు అనుకూలమైన ప్రవాహం పడమరకి పోయేటప్పుడే అది గాలికి ఎదురవుతుంది. నీరు అధ్వాన్నంగా ఉండేది అప్పుడే.

ఇక్కడ జట్టు మళ్లీ రెండుగా చీలుతుంది. 18 నాట్ల బోటుకి ప్రవాహం తోడు అక్కర్లేదు. 3 నాట్లు పోగొట్టుకున్నా ఫర్వాలేదు, ప్రవాహం తూర్పుకి, గాలితో పాటు పోతున్నప్పుడు దాటితే నీరు చదునుగా ఉంటుంది. 8 నాట్ల బోటు ఎదురు ప్రవాహంలో సగం వేగానికి పడిపోతుంది, దానికి ఆ దారి లేదు. అది ప్రవాహం తిరిగే నిలకడ వేళకి కొస దగ్గర ఉండేలా కదలాలి. ఆ వేళకీ సెన్-వా తలుపు వేళకీ పొంతన కుదరకపోతే ముందుగా తలుపు దాటి వచ్చి, బయట తాతిఊ దీవి చాటున లంగరేసుకుని కాచుకోవచ్చు. గాలి పడమర, నైరుతి అయితేనే ఆ చాటు పనికొస్తుంది. దీవికీ ఒడ్డుకీ మధ్య అడ్డంగా పోవద్దు. అక్కడ ఆల్చిప్పల పెంపకపు బల్లలుంటాయి, ఆటుకి నేల తేలుతుంది.

గాలి బోఫోర్ట్ కొలతలో బలం 5 దాటి, ప్రవాహం దానికి ఎదురుగా కూడా ఉంటే కొస నుంచి 5 నుంచి 7 మైళ్లు బయటికి పోయి చుట్టు తిరగమని పాతవాళ్లు చెప్తారు. చిన్న మోటారు బోట్లకి మా సలహా అది కాదు. రేవులోనే ఉండిపోండి.

ప్ర: పీత బుట్టల తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. తప్పించుకోవడం ఎలా? చుట్టుకుంటే ఏం చేయాలి?

జ: బుట్ట ఉన్న చోటు చూపుతూ నీటి మీద తేలే బెండు ఒక్కటే చూస్తే చాలదు. బుట్ట అడుగున ఉంటుంది, ప్రవాహం బెండుని తాను పోయే వైపు, అంటే దిగువకి, లాగుతుంది. తాడు బెండుకి ఎగువన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దిగువ వైపు నుంచి దాటాలి. ఏది దిగువో బెండు వెనక కదిలే నీటి గీతే చెప్తుంది. అయితే చాలా బుట్టలకి జెండా ఉన్న పెద్ద బెండు వెనకాల, దిగువన, చిన్న బెండు మరొకటి తేలే తాడుతో కట్టి ఉంటుంది. ఆ జంట మధ్య నుంచి పోతే తాడు సూటిగా ప్రొపెల్లర్‌లోకే. చిన్నది కనబడేదాకా దూరంగానే పోండి. ప్రవాహం బలంగా ఉన్న రోజు కొన్ని బెండ్లు నీటి కిందికి పోతాయి. ఉదయం సూర్యుడు ఎదురైతే ఇద్దరు చూడాలి.

చుట్టుకుంటే ఇంజిను గొంతు మారుతుంది, బోటు వెనక్కి లాగినట్టవుతుంది. వెంటనే న్యూట్రల్, తర్వాత ఇంజిను ఆపు. రివర్స్ వేస్తే వదులుతుందని వేయకండి, తొంభై పాళ్లు ఇంకో మూడు చుట్లు పడతాయి, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర నీరు లోపలికి రాకుండా ఆపే సీలు పోతుంది. అవుట్‌డ్రైవ్ (బోటు వెనక బయట ఉండే, పైకెత్తగల ప్రొపెల్లర్ కాలు) ఉంటే పైకెత్తి చూడండి. తాడు బుట్టకి ఇంకా అంటి ఉంటే మీరు వెనక కొసతో, అంటే అమరంతో, లంగరేసినట్టే, అలలు వెనక నుంచి ఎక్కుతాయి. జట్టులో ఉన్నందుకు లాభం ఇక్కడే. ఒక బోటు మీ అణియానికి తాడిచ్చి అలలకి ఎదురుగా నెమ్మదిగా పట్టుకుంటుంది, మీరు గెడకర్రకి కట్టిన రంపపు పళ్ల కత్తితో కోస్తారు. ఇంజిను తాళం చెవి జేబులో పెట్టుకున్నాకే ఎవరైనా నీళ్లలోకి దిగాలి. అలలుంటే దిగొద్దు, అమరం లేచి పడే దెబ్బ తలకి తగులుతుంది.

ప్ర: అరోమాఁష్ ముందు ఒక బోటుకి వేడి అలారం మోగింది. నాచు ఎక్కువగా ఉంది. వరుసగా ఏం చూడాలి?

జ: త్రాటిల్ దించి, బయటికి నీరు ఉమ్మే గొట్టం చూడండి. నీరు రావడం లేదంటే ఇంజిను ఆపండి. ఒడ్డున యుద్ధకాలపు కాంక్రీటు పెట్టెలు ఇంకా ఉన్నాయి. అటు కొట్టుకుపోయే గాలైతే మొదట లంగరు, ఆ తర్వాతే ఇంజిను మూత. లంగరు ఆ పెట్టెలకి దూరంగా వేయాలి.

సముద్రపు నీటి వాల్వు మూసి, జల్లెడ మూత విప్పి, నాచు తీసేయండి. మూత పెట్టకముందే వాల్వు కొద్దిగా తెరిస్తే నీరు చిమ్మాలి. చిమ్మకపోతే అడ్డు బయటి నోట్లో ఉంది. చిమ్మితే, మళ్లీ మూసి ఇంపెల్లర్ వైపు పోండి. అది సముద్రపు నీటిని ఇంజినుకి తోడే రబ్బరు చక్రం, నీరు లేకుండా కొద్దిసేపు తిరిగినా చాలు, రెక్కలు చిరుగుతాయి. పాతది తీశాక రెక్కలు లెక్కపెట్టండి. ఆరు ఉండాల్సిన చోట నాలుగే ఉంటే మిగిలిన రెండు, ఇంజిను వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కున్నాయి. అవి తీయకుండా కొత్తది వేస్తే గంటలో మళ్లీ అదే అలారం. కొత్తదానికి గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీరు లేదా గ్లిజరిన్ చాలు. వేడిగా ఉండగా కూలెంట్ మూత తీయకండి.

బోటుకి రెండు ఇంపెల్లర్లు, రెండు డీజిల్ ఫిల్టర్లు తప్పనిసరి. జట్టులో ఒకే మోడల్ ఇంజిన్లు ఉన్నా ఎవరివి వారు తెచ్చుకోవాలి. ప్రశాంతమైన కాలువలో బాగానే నడిచిన ఇంజిను మొదటి పెద్ద అలలకే ఆగిందంటే అది సాధారణంగా ఫిల్టరే. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మురుగు ఆ కుదుపుకి లేస్తుంది.

ప్ర: లాగి తీసుకుపోవాల్సి వస్తే?

జ: తేలే తాడు, 40 మీటర్లకి తక్కువ కాకుండా. లాగే బోటు అమరంలో రెండు పక్కలా ఉన్న కొక్కేలకి త్రిభుజంలా కట్టి, మధ్య నుంచి లాగాలి. ఒక్క కొక్కెం నుంచి లాగితే లాగే బోటు తిరగలేదు. తాడు రాసుకునే చోట గుడ్డ చుట్టండి. రెండు బోట్లూ ఒకే సమయంలో అల మీద ఉండేలా తాడు పొడవు సర్దండి. ఒకటి ఎక్కుతూ మరొకటి దిగుతుంటే తాడు సడలి ఒక్కసారిగా బిగుస్తుంది, కొక్కేలు ఊడొస్తాయి. తాడుకి సూటిగా ఎవరూ నిలబడకూడదు. 5 నాట్లు చాలు.

1967 నుంచి ఈ తీరాన స్వచ్ఛంద రక్షక సంస్థ ఎస్‌ఎన్‌ఎస్‌ఎం ఉంది. మనుషుల్ని కాపాడడానికి డబ్బు తీసుకోదు, బోటుని లాగితే తీసుకుంటుంది. మీ బీమాలో లాగుడు ఖర్చు ఉందో లేదో రేవులోనే చూసుకోండి.

ప్ర: విస్త్రెయాం లాకులోకి అయిదు బోట్లూ ఒకేసారి పోవచ్చా?

జ: చోటుంటే పంపుతారు. ముందుగా పిలిచి ఎన్ని బోట్లు, ఎంత పొడవో చెప్పండి. నిలువుగా మూడు ఎర్ర దీపాలంటే ఆగాలి. మూడు పచ్చవైతే ఒకవైపే రాకపోకలు, వెళ్లొచ్చు. పచ్చ, పచ్చ, తెలుపు అంటే రెండు వైపులా. మూడు ఎర్రవీ మిణుకుతుంటే లోపల ప్రమాదం, అందరూ ఆగాలి. లోపల రెండు పక్కలా, బోటు గోడకి రాసుకోకుండా అడ్డుపడే ఫెండర్లు వేయండి. తాడు బోటు నుంచి గోడ గుంజ చుట్టి మళ్లీ బోటుకే తెచ్చి చేత్తో పట్టుకోండి, ముడి వేయొద్దు. నీరు దిగుతుంటే ముడి వేసిన బోటు గోడకి వేలాడుతుంది. గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు, లోతు ఎక్కువ అంతే. బయట పోర్ట్స్‌మత్ పెద్ద ఫెర్రీ వచ్చే వేళ అయితే కాలువ నోట్లో నిలబడకండి.

ప్ర: రేవులో బోటు పక్కన బోటు కట్టమంటున్నారు. ఏ క్రమంలో?

జ: పెద్దది గట్టుకి ఆనుకుని, చిన్నవి బయటికి. రేపు ముందు పోవాల్సినవాళ్లు అన్నిటికంటే బయట. బయటి బోటు పక్క బోటుకి మాత్రమే కట్టుకుని ఊరుకోకూడదు. అణియం నుంచీ అమరం నుంచీ సొంత మోకులు గట్టుకి వేయాలి, లేకపోతే బరువంతా లోపలివారి కొక్కేల మీదే. మోటారు బోట్ల పక్కలు పైన వెడల్పు కాబట్టి ఫెండర్లు నీటి దగ్గర కాకుండా భుజం ఎత్తులో వేయండి. గట్టుకి పోయేటప్పుడు పక్క బోటు ముందు వైపు నుంచే దాటండి, వెనక వాళ్ల ఇల్లు.

ప్ర: ముందు నడిచే సరంగు 'పోదాం' అన్నాడు, నాకు గాలి నచ్చలేదు. జట్టు కోసం వెళ్లాలా?

జ: వద్దు. ముందు నడిచేవాడు వేళలు కుదురుస్తాడు, మీ బోటు బాధ్యత మీ పేరునే ఉంటుంది. తీరానికి బలం 7, అంటే 28 నాట్ల గాలి వస్తుందంటే ఫ్రెంచి వాతావరణ సంస్థ మెతెయో ఫ్రాన్స్ ప్రత్యేక హెచ్చరిక ఇస్తుంది. హెచ్చరిక లేదంటే వెళ్లొచ్చని అర్థం కాదు. 10 మీటర్ల బోటుకి ఎదురుగా బలం 5 చాలు, రోజంతా పాడవడానికి. ముందురోజు రాత్రే ప్రతి సరంగూ తన హద్దు అంకెలో చెప్పాలి: ఇంత గాలి, ఇంత అల దాటితే నేను కదలను. ఉదయం వాదించుకోవడం ఉండదు. ఆగిపోయిన బోటు ఒంటరిదైతే ఇంకొకటి దానితో ఆగుతుందా అన్నది కూడా ఆ రాత్రే తేల్చుకోండి.

ప్ర: మాలో ఇద్దరికి భారత పాస్‌పోర్టు, ఒకసారి ప్రవేశానికే షెంగెన్ వీసా. షెర్‌బూర్ నుంచి ఒక్క పూట గెర్నసీ చూసి రావచ్చా?

జ: గెర్నసీ, జెర్సీ, ఆల్డర్నీ దీవులు షెంగెన్ దేశాల కూటమిలో లేవు. అక్కడ దిగడానికి వేరే వీసా కావాలి. షెర్‌బూర్‌లో బయటికి వెళ్లినట్టు నమోదు కాగానే వాళ్ల షెంగెన్ వీసా అయిపోయినట్టే, తిరిగి ఫ్రాన్స్‌లోకి రాలేరు. ఒకే రోజులో తిరిగొస్తామన్నా, బోటు దిగకుండా ఉంటామన్నా ఆ లెక్క మారదు. వాళ్లిద్దరినీ షెర్‌బూర్‌లోనే ఉంచి మిగతావాళ్లు వెళ్లి రావాలి, లేదంటే అందరూ పడమరకి పోకుండా వచ్చిన దారినే బార్‌ఫ్లర్ తిరిగి వెనక్కి రావాలి.